గల్ఫ్ బడిలో ఉద్యోగం మానేశాక వచ్చే గ్రాట్యుటీ: ఇండియాలో పన్ను ఎప్పుడు పడుతుంది, ఎప్పుడు పడదు

దుబాయ్, షార్జా, మస్కట్, దోహా బడుల్లో పాఠాలు చెప్పే మన టీచర్లకు ఉద్యోగం వదిలి ఇంటికి వచ్చేటప్పుడు ఒక పెద్ద మొత్తం చేతికి అందుతుంది. కాగితాల మీద దాని పేరు ‘ఎండ్ ఆఫ్ సర్వీస్ బెనిఫిట్’. మనవాళ్లు గ్రాట్యుటీ అంటారు, కొందరు సర్వీసు డబ్బులు అంటారు. దాని మీద రెండు మాటలు గట్టిగా ప్రచారంలో ఉన్నాయి. “గల్ఫ్‌లో సంపాదించిన దానికి ఎక్కడా పన్ను లేదు” అన్నది ఒకటి. “ఇండియాకు తెచ్చిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పి పన్ను కట్టాల్సిందే” అన్నది రెండోది. రెండూ తప్పే. పన్ను పడుతుందా లేదా అన్నది డబ్బు ఏ దేశంలో సంపాదించామన్నదాని కంటే, టీచరు ఏ తేదీన తిరిగొచ్చారు, అంతకు ముందు ఏడేళ్లలో ఇండియాలో ఎన్ని రోజులు గడిపారు, ఆ డబ్బు మొదట ఏ బ్యాంకు ఖాతాలో పడింది అన్న మూడు విషయాల మీద ఆధారపడుతుంది.

వేసవి సెలవులకు ఏటా ఇంటికి వచ్చే అలవాటు వల్ల ఈ లెక్క టీచర్లకు మిగతా గల్ఫ్ ఉద్యోగుల కంటే భిన్నంగా ఉంటుంది. ఆ తేడా దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు.

ముందుగా ఒక మాట. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం వచ్చింది. సెక్షన్ల అంకెలు మారాయి. ఆడిటర్ల నోట ఇంకా పాత అంకెలే నడుస్తున్నాయి కాబట్టి, అవసరమైన చోట అవే వాడాను. లెక్కలన్నీ 2025–26 ఆర్థిక సంవత్సరానివి.

ఫైనల్ సెటిల్‌మెంట్‌లో ఏమేం ఉంటాయి

బడి ఇచ్చే ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితంలో చివర ఒకే మొత్తం కనిపిస్తుంది గానీ, దాని లోపల వేర్వేరు ఖాతాలు ఉంటాయి. ఆఖరి నెల జీతం, వాడుకోని సెలవులకు డబ్బు, గ్రాట్యుటీ, విమానం టికెట్, ఒక్కోసారి నోటీసు కాలపు జీతం లేదా ముందే తీసేసినందుకు పరిహారం. ఇండియా చట్టం వీటిని ఒకే గాటన కట్టదు. ఆఖరి జీతం మామూలు జీతమే. సెలవుల డబ్బుకు ప్రత్యేక మినహాయింపు ఉంది, దాని గరిష్ఠ పరిమితి 2023 ఏప్రిల్ 1 నుంచి 25 లక్షల రూపాయలు. అయితే చాలా బడుల్లో వేసవి సెలవులే వార్షిక సెలవు కింద లెక్క కాబట్టి టీచర్లకు ఈ పద్దులో మిగిలేది తక్కువ. గ్రాట్యుటీకి వేరే సూత్రం ఉంది.

పరిహారం విషయంలో ఒక అపోహ తొలగాలి. రిట్రెంచ్‌మెంట్ (యజమానే ఉద్యోగంలోంచి తీసేయడం) పరిహారానికి 5 లక్షల దాకా మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ అది కార్మిక చట్టంలోని ‘వర్క్‌మన్’ (కార్మికుడు) నిర్వచనంలోకి వచ్చేవారికే. టీచర్లు ఆ నిర్వచనంలోకి రారని సుప్రీంకోర్టు 1988లో గోవాకు చెందిన ఒక టీచరు కేసులో తేల్చింది. కాబట్టి బడి మూతపడి తీసేసినా, ఆ పరిహారం ‘జీతానికి బదులు వచ్చిన లాభం’ కింద జీతంలోనే కలుస్తుంది.

అందుకే సెటిల్‌మెంట్ కాగితంలో ఒక్కో పద్దు విడివిడిగా రాసి ఉండటం చాలా ముఖ్యం. అన్నీ కలిపి ఒకే అంకె వేసిన కాగితంతో మినహాయింపు అడిగితే, అందులో గ్రాట్యుటీ ఎంతో రుజువు చేయడం కష్టం.

గ్రాట్యుటీని అక్కడ ఎలా కడతారు

యూఏఈలో ప్రైవేటు బడుల టీచర్లకు 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ చట్టం వర్తిస్తుంది. కనీసం ఒక ఏడాది పనిచేసి ఉండాలి. మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆపైన ప్రతి ఏడాదికీ 30 రోజుల బేసిక్. మొత్తం కలిపి రెండేళ్ల జీతం దాటకూడదు. లెక్కలోకి వచ్చేది చివరిసారి తీసుకున్న బేసిక్ మాత్రమే. ఇంటి అద్దె, రవాణా అలవెన్సులు అందులోకి రావు. జీతం లేని సెలవు రోజులు సర్వీసులోంచి పోతాయి. ఏడాది నిండిన తర్వాత మిగిలిన నెలలకు దామాషాగా ఇస్తారు. కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లోగా మొత్తం చెల్లించాలి.

ఉదాహరణకు ఒక టీచరు మొత్తం జీతం 8,000 దిర్హమ్‌లు, అందులో బేసిక్ 5,000 అనుకుందాం. సర్వీసు సరిగ్గా 6 ఏళ్లు. రోజు బేసిక్ అంటే 5,000ను 30తో భాగించాలి: 166.67. మొదటి 5 ఏళ్లకు 105 రోజులు, అంటే 17,500. ఆరో ఏడాదికి 30 రోజులు, అంటే 5,000. మొత్తం 22,500 దిర్హమ్‌లు. లెక్క సులువుగా ఉండేందుకు దిర్హమ్‌ను 23 రూపాయలుగా తీసుకుంటే 5,17,500 రూపాయలు. ఈ టీచరునే మళ్లీ కలుద్దాం.

మిగతా దేశాల్లో సూత్రం మారుతుంది. సౌదీలో మొదటి 5 ఏళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత నెల జీతం. తానే రాజీనామా చేస్తే మాత్రం 2 నుంచి 5 ఏళ్ల సర్వీసుకు మూడో వంతు, 10 ఏళ్ల లోపు మూడింట రెండు వంతులే చేతికొస్తాయి. కువైట్‌లో మొదటి 5 ఏళ్లకు 15 రోజులు, తర్వాత నెల, గరిష్ఠంగా ఏడాదిన్నర జీతం. ఖతార్‌లో ఏడాదికి కనీసం 3 వారాల బేసిక్. ఒమన్‌లో 2023 నాటి కార్మిక చట్టం ఏడాదికి ఒక నెల బేసిక్ అంటోంది. బహ్రెయిన్‌లో 2024 మార్చి నుంచి యజమాని ఈ సొమ్మును నెలనెలా అక్కడి సామాజిక బీమా సంస్థకు కడుతున్నాడు, ఉద్యోగి ఆ సంస్థ నుంచి తీసుకుంటాడు.

ఈ దేశాల్లో ఉద్యోగి జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ఒమన్ ఒక్కటే 2028 జనవరి నుంచి వ్యక్తుల మీద పన్ను వేయబోతోంది. అదీ ఏడాదికి 42,000 రియాళ్లు దాటిన ఆదాయం మీద 5 శాతం. బడి టీచర్ల జీతాలు సాధారణంగా ఆ గీత దరిదాపుల్లోకి కూడా రావు.

ఇండియా చూసేది మొదట ‘రెసిడెంట్’ అవునా కాదా అని

పౌరసత్వం ఏదన్నది ఇక్కడ ప్రధానం కాదు. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా ఇండియాలో ఎన్ని రోజులున్నారన్నదే ప్రధానం. దాన్నిబట్టి మూడు హోదాలు.

మొదటిది నాన్ రెసిడెంట్. ఇండియాలో పుట్టిన ఆదాయానికి, లేదా ఇండియాలో అందుకున్న ఆదాయానికి మాత్రమే పన్ను. రెండోది పూర్తి రెసిడెంట్. ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా పన్ను. ఈ రెంటికీ మధ్య ఉన్నది ‘రెసిడెంట్ బట్ నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్’, పొట్టిగా ఆర్‌ఎన్‌ఓఆర్. చాలా ఏళ్లు బయట ఉండి వచ్చినవాళ్లకు ఊపిరి తీసుకునేందుకు చట్టం ఇచ్చిన వెసులుబాటు ఇది. ఈ హోదాలో ఉన్నవారికి విదేశంలో సంపాదించి విదేశంలోనే అందుకున్న జీతం మీద ఇండియాలో పన్ను ఉండదు.

రెసిడెంట్ అయ్యే దారులు రెండు. ఆ ఏడాది 182 రోజులు ఇండియాలో ఉండటం ఒకటి. ఆ ఏడాది 60 రోజులు ఉండి, అంతకు ముందు 4 ఏళ్లలో కలిపి 365 రోజులు ఉండటం రెండోది. విదేశంలో ఉంటూ ఇక్కడికి చూసిపోవడానికి వచ్చే భారత పౌరులకు ఆ 60 బదులు 182 వర్తిస్తుంది. ఇండియాలోని ఆదాయం 15 లక్షలు దాటినవాళ్లకు 120. అయితే ఉద్యోగం ముగించుకుని శాశ్వతంగా వచ్చేయడం ‘చూసిపోవడానికి రావడం’ కాదు కాబట్టి, తిరిగొచ్చిన ఏడాదికి ఈ సడలింపు దొరకదన్న వాదన బలంగా ఉంది. ఆ ఏడాదికి 60 రోజుల పరీక్షే పెట్టుకుని చూసుకోవడం క్షేమం.

రెసిడెంట్ అయ్యాక ఆర్‌ఎన్‌ఓఆర్ దక్కాలంటే రెండింట్లో ఒకటి నెరవేరాలి. ముందటి 10 ఏళ్లలో 9 ఏళ్లు నాన్ రెసిడెంట్‌గా ఉండాలి. లేదా ముందటి 7 ఏళ్లలో ఇండియాలో గడిపిన రోజులు కలిపి 729 దాటకూడదు.

ఇండియాలో కాలుపెట్టిన రోజును లెక్కపెట్టాలా వద్దా అన్న దాని మీద ట్రిబ్యునళ్లు ఒకే మాట చెప్పలేదు. అంకె అంచున ఉన్నవాళ్లకు ఈ ఒక్క రోజే వివాదమవుతుంది. పాస్‌పోర్టు మీది ఇమిగ్రేషన్ ముద్రలే అంతిమ సాక్ష్యం.

ఆరేళ్లు, ఏడేళ్ల మధ్య దాగి ఉన్న తేడా

పై టీచరు ఆగస్టులో ఉద్యోగంలో చేరారు. ఆరేళ్ల తర్వాత జులైలో మానేసి, ఆ నెలాఖరుకు ఇంటికి వచ్చేశారు. ఏటా వేసవిలో 50 రోజులు, శీతాకాలంలో 15 రోజులు, మొత్తం 65 రోజులు ఇండియాలో గడిపేవారు.

తిరిగొచ్చిన ఏడాదిలో ఆగస్టు నుంచి మార్చి దాకానే 243 రోజులు ఇండియాలో ఉంటారు. 182 దాటింది, రెసిడెంట్. ఇక 729 పరీక్ష. ముందటి 7 ఏళ్లు తీద్దాం. వెళ్లకముందు ఏడాది పూర్తిగా ఇండియాలో: 365. వెళ్లిన ఏడాది ఏప్రిల్ నుంచి జులై దాకా 122, శీతాకాలం సెలవులు 15: మొత్తం 137. ఆ తర్వాత 5 ఏళ్లు ఏటా 65 చొప్పున: 325. అన్నీ కలిపితే 827. గీత 729. దాటేశారు కాబట్టి పూర్తి రెసిడెంట్.

అదే టీచరు ఇంకో ఏడాది ఉండి, ఏడేళ్లకు మానేశారనుకుందాం. ఇండియాలో గడిపిన పూర్తి ఏడాది లెక్కలోంచి జారిపోతుంది. మిగిలేది 137, దానికి 6 ఏళ్ల సెలవులు 390: మొత్తం 527. హాయిగా ఆర్‌ఎన్‌ఓఆర్. గ్రాట్యుటీ మీద గానీ, ఆ ఏడాది ఏప్రిల్–జులై జీతం మీద గానీ ఇండియాలో పన్ను లేదు, అక్కడి బ్యాంకులోనే అందుకుంటే.

రెండు మూడేళ్లు మాత్రమే చేసి వచ్చేవాళ్ల సంగతి మరీ స్పష్టం. వాళ్లకు ముందటి 7 ఏళ్లలో నాలుగైదేళ్లు పూర్తిగా ఇండియాలోనే గడిచి ఉంటాయి. తిరిగొచ్చిన ఏడాదే పూర్తి రెసిడెంట్ అవుతారు. ‘ఎన్నారైని కదా’ అన్న ధీమా ఎక్కువగా కనిపించేదీ, తక్కువగా పనికొచ్చేదీ వీళ్ల విషయంలోనే.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. ఇండియా చట్టంలో ఏడాదిని ముక్కలు చేయడం లేదు. జులైలో వచ్చాను కాబట్టి ఏప్రిల్ నుంచి జులై దాకా ఎన్నారై, ఆగస్టు నుంచి రెసిడెంట్ అని చెప్పడానికి వీల్లేదు. రెసిడెంట్ అయితే ఏడాది మొత్తానికీ అవుతారు. అందుకే జులైలో తిరిగొచ్చిన వ్యక్తికి, తాను గల్ఫ్‌లో ఉండగా తీసుకున్న నాలుగు నెలల జీతం కూడా ఇండియా లెక్కలోకి వచ్చి కూర్చుంటుంది.

అదే ఆ టీచరు అక్టోబరు 2 తర్వాత తిరిగొచ్చి, ఆ ఏడాది ఏప్రిల్ నుంచి అప్పటిదాకా ఇండియా రాకుండా ఉండి ఉంటే, మార్చి 31 నాటికి 182 రోజులు నిండవు. ముందటి 4 ఏళ్లలో గడిపినది 260 రోజులే కాబట్టి రెండో పరీక్షా తగలదు. నాన్ రెసిడెంట్‌గానే ఆ ఏడాది ముగుస్తుంది. సెప్టెంబరులో ఒకసారి వచ్చి వెళ్లినా ఆ రోజులు కలుస్తాయి, లెక్క తారుమారవుతుంది.

మార్చి 31న మానేస్తే, ఏప్రిల్‌లో డబ్బు వస్తే

యూఏఈలో ఇండియన్ సిలబస్ బడులకు కొత్త విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. కాబట్టి చాలామంది మార్చితో మానేస్తారు. ఆఖరి పనిదినం మార్చి 31, బడికి 14 రోజుల గడువు ఉంది కాబట్టి గ్రాట్యుటీ ఏప్రిల్ 10న ఖాతాలో పడింది. అప్పటికే టీచరు ఇంటికి వచ్చేశారు, కొత్త ఆర్థిక సంవత్సరంలో రెసిడెంట్. ఇప్పుడిది ఏ ఏడాది ఆదాయం?

జీతం విషయంలో చట్టం చెప్పేది, రావలసిన రోజు గానీ అందిన రోజు గానీ, ఏది ముందైతే అది. గ్రాట్యుటీ హక్కు సర్వీసు ముగిసిన రోజే పుడుతుంది, 14 రోజులన్నది చెల్లించడానికి ఇచ్చిన వ్యవధి మాత్రమే అన్నది ఒక వాదన. ఆ ప్రకారం అది మార్చి ఆదాయం, అంటే నాన్ రెసిడెంట్‌గా ఉన్న ఏడాదిది, పన్ను లేదు. గడువు తీరేదాకా ఉద్యోగి గట్టిగా అడగలేడు కాబట్టి ఏప్రిల్‌లోనే ‘రావలసినది’ అవుతుందన్నది రెండో వాదన. నా దృష్టిలో మొదటిదే చట్టానికి దగ్గరగా ఉంది. అయితే అది నిలబడాలంటే సెటిల్‌మెంట్ కాగితం మీద సర్వీసు ముగిసిన తేదీ మార్చి 31 లేదా అంతకు ముందు ఉండాలి. సామాను అప్పగింతల కోసమని ఆఖరి పనిదినాన్ని ఏప్రిల్ 3గా రాసినట్లయితే, ఆ మూడు రోజులు మొత్తం గ్రాట్యుటీని తర్వాతి ఏడాదికి నెట్టేస్తాయి.

మొదట ఏ ఖాతాలో పడిందన్నది

నాన్ రెసిడెంటైనా, ఆర్‌ఎన్‌ఓఆర్ అయినా, ఇండియాలో ‘అందుకున్న’ ఆదాయానికి పన్ను ఉంది. ఇక్కడ చూడాల్సింది మొదట ఎక్కడ చేతికందిందన్నది. దుబాయ్ బ్యాంకులో జమై, ఆ తర్వాత టీచరే దాన్ని ఇండియాకు పంపుకుంటే అది ఆదాయం అందుకోవడం కాదు, తన డబ్బును తాను తరలించుకోవడం. దానికి పన్ను లేదు. బడే నేరుగా ఇండియా ఖాతాకు పంపితే మాత్రం పేచీ మొదలవుతుంది.

ఇది ఎలా జరుగుతుందంటే, వీసా రద్దు పూర్తవుతుంది, అక్కడి ఖాతా మూసేస్తారు లేదా అప్పు బకాయి ఉందని బ్యాంకు ఖాతాను ఆపేస్తుంది, ఈలోగా గ్రాట్యుటీ ఆలస్యమవుతుంది. చివరికి బడి ఇండియా ఖాతా నంబరు అడిగి దానికే పంపేస్తుంది. ఏడెనిమిదేళ్ల సర్వీసుతో పన్ను లేకుండా బయటపడాల్సిన మనిషి ఇక్కడ ఇరుక్కుంటారు.

అంకెల్లో చూస్తే, బేసిక్ 6,000 దిర్హమ్‌లు, సర్వీసు 8 ఏళ్లు. రోజుకు 200. మొదటి 5 ఏళ్లకు 21,000, తర్వాత 3 ఏళ్లకు 18,000, మొత్తం 39,000 దిర్హమ్‌లు, అంటే 8,97,000 రూపాయలు. అక్కడి ఖాతాలో పడితే ఆర్‌ఎన్‌ఓఆర్‌కు పన్ను పడే మొత్తం సున్నా. నేరుగా ఇండియాకు వస్తే, కింద చెప్పిన మినహాయింపు 5,52,000 పోను, 3,45,000 రూపాయలు పన్ను లెక్కలోకి వస్తుంది.

ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో (ఎన్నారైలు విదేశీ సంపాదన దాచుకునేందుకు ఇండియా బ్యాంకులో తెరిచే ఖాతా) పడితే ఫర్వాలేదన్న మాట ఒకటి వినిపిస్తుంది. దానికి మూలం 2017 ఏప్రిల్‌లో ప్రత్యక్ష పన్నుల బోర్డు ఇచ్చిన సర్క్యులర్. అందులో ఆ సౌలభ్యం నాన్ రెసిడెంట్ అయిన ఓడ ఉద్యోగులకే ఇచ్చారు. టీచర్ల పేరు అందులో లేదు. ‘సూత్రం అందరికీ ఒకటే కదా’ అని వాదించవచ్చు, అందులో న్యాయం ఉంది. కానీ సర్క్యులర్ పేరుపెట్టి చెప్పిన వర్గానికే అది కచ్చితమైన రక్షణ.

పూర్తి రెసిడెంట్‌కు పన్ను ఎంత మీద

పూర్తి రెసిడెంట్ అయినంత మాత్రాన మొత్తం గ్రాట్యుటీ మీద పన్ను పడదు. పాత చట్టం 10(10) సెక్షన్ మూడో భాగం ‘మరే ఇతర గ్రాట్యుటీ’కైనా మినహాయింపు ఇస్తుంది. యజమాని ఇండియాలో ఉండాలన్న షరతు అందులో లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకూ ఇది ఉంది. మూడింటిలో ఏది తక్కువైతే అంత మినహాయింపు: నిజంగా వచ్చిన మొత్తం, 20 లక్షల రూపాయలు (ఇది జీవితకాలానికి కలిపి), పూర్తయిన ఒక్కో ఏడాదికి అర నెల సగటు జీతం. సగటు అంటే మానేసే నెలకు ముందు 10 నెలలది. జీతం అంటే బేసిక్, రిటైర్మెంట్ ప్రయోజనాలకు లెక్కించే డీఏ ఉంటే అది కూడా. అలవెన్సులు రావు.

యూఏఈ సూత్రాన్ని, ఈ సూత్రాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది. అక్కడ మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 21 రోజులు, ఇక్కడ మినహాయింపు 15 రోజులు. అంటే గ్రాట్యుటీలో ఏడింట రెండు వంతులకే పన్ను. 5 ఏళ్లు దాటాక 30 రోజులకు 15, అంటే సగానికి. ఏడాదిలో మిగిలిపోయిన నెలలకు అక్కడ డబ్బు వస్తుంది గానీ ఇక్కడ మినహాయింపు రాదు. పూర్తయిన ఏళ్లే లెక్క. 20 లక్షల పరిమితి టీచర్ల విషయంలో అడ్డు రావడం అరుదు, అర నెల సూత్రమే ముందు తగులుతుంది.

రూపాయల్లోకి మార్చడానికి ఆ రోజు గూగుల్లో కనిపించిన రేటు కుదరదు. జీతం రావలసిన నెలకు ముందు నెల ఆఖరి రోజున ఎస్‌బీఐ టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్ కొనుగోలు రేటు వాడాలి. జులైలో రావలసిన గ్రాట్యుటీకి జూన్ 30 రేటు.

ఇప్పుడు మన ఆరేళ్ల టీచరు. గ్రాట్యుటీ 5,17,500. మినహాయింపు ఏడాదికి 2,500 దిర్హమ్‌ల చొప్పున 6 ఏళ్లకు 15,000 దిర్హమ్‌లు, అంటే 3,45,000. పన్ను పడేది 1,72,500. దీనికి ఏప్రిల్–జులై జీతం 32,000 దిర్హమ్‌లు కలపాలి: 7,36,000. సెప్టెంబరు నుంచి ఇక్కడి బడిలో నెలకు 65,000 జీతం మీద చేరితే 7 నెలలకు 4,55,000. మొత్తం 13,63,500. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 12,88,500.

కొత్త విధానంలో రెసిడెంట్‌కు 12 లక్షల దాకా రిబేటు వల్ల పన్ను ఉండదు. ఇక్కడ గీత దాటింది. 4 నుంచి 8 లక్షల మీద 20,000, 8 నుంచి 12 లక్షల మీద 40,000, మిగిలిన 88,500 మీద 15 శాతం చొప్పున 13,275. మొత్తం 73,275. సెస్సు 4 శాతం కలిపితే 76,206 రూపాయలు. గ్రాట్యుటీ పన్ను లెక్కలోకి రాకపోతే ఆదాయం 11,16,000, పన్ను సున్నా. అంటే 1,72,500 రూపాయల గ్రాట్యుటీ ఒక్కటే 76,206 పన్ను తెచ్చిపెట్టింది. గ్రాట్యుటీ మీద పన్ను ఎంత శాతమన్న ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఇదే. మిగతా ఆదాయం రిబేటు గీతకు ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి అది సున్నా కావచ్చు, ఇలా 44 శాతమూ కావచ్చు.

సెక్షన్ 89 ఉపశమనం ఇక్కడ ఎంత పనికొస్తుంది

ఏళ్ల తరబడి చేసిన సర్వీసుకు డబ్బు ఒకే ఏడాదిలో రావడం వల్ల పన్ను పెరిగితే సెక్షన్ 89 కింద కొంత తగ్గింపు ఉంది. గ్రాట్యుటీకైతే కనీసం 5 ఏళ్ల సర్వీసు ఉండాలి. 5 నుంచి 15 ఏళ్ల లోపు సర్వీసుకు, పన్ను పడే గ్రాట్యుటీలో సగం సగం ముందటి రెండేళ్ల ఆదాయానికి కలిపి, ఆ ఏళ్ల సగటు పన్ను రేటు తీస్తారు. దాన్ని ఈ ఏడాది సగటు రేటుతో పోల్చి, తేడా మేరకు ఉపశమనం ఇస్తారు.

మన టీచరుకు ముందటి రెండేళ్లూ ఇండియాలో ఆదాయం లేదు. 86,250 చొప్పున కలిపినా పన్ను సున్నా. ఈ ఏడాది సగటు రేటు 76,206ను 12,88,500తో భాగిస్తే దాదాపు 5.91 శాతం. 1,72,500 మీద అది సుమారు 10,200 రూపాయలు. గ్రాట్యుటీ తెచ్చిన భారం 76 వేలు, తగ్గేది 10 వేలే, ఎందుకంటే సూత్రం చూసేది సగటు రేటును, రిబేటు గీత దాటినప్పుడు పడ్డ దెబ్బను కాదు. ఆ 10 వేలైనా రావాలంటే రిటర్న్ కంటే ముందే ఫారం 10ఈ ఆన్‌లైన్‌లో దాఖలు చేసి ఉండాలి. మర్చిపోతే డిపార్ట్‌మెంట్ ఉపశమనాన్ని కొట్టేసి నోటీసు పంపుతుంది.

రెండు దేశాల ఒప్పందం కాపాడదా

ఇండియా–యూఏఈ ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ప్రకారం యూఏఈలో చేసిన ఉద్యోగానికి వచ్చిన ప్రతిఫలం మీద యూఏఈ ‘పన్ను వేయవచ్చు’. వేయవచ్చు అంటే వాళ్లకే ఆ హక్కు, ఇండియాకు లేదు అని గతంలో కోర్టుల్లో వాదనలు నెగ్గాయి. 2008 ఆగస్టు 28న కేంద్రం 91/2008 నోటిఫికేషన్ తెచ్చి దీనికి అడ్డుకట్ట వేసింది. ఒప్పందంలో అలా రాసి ఉంటే ఆ ఆదాయం ఇండియా లెక్కలో కలుస్తుందని, అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ ఇస్తామని దాని సారాంశం. ఒప్పందంలోని మాటలకు ఒక దేశం తనంతట తాను అర్థం చెప్పడం సరికాదన్న విమర్శ న్యాయనిపుణుల్లో ఇప్పటికీ ఉంది, దానికి ఆధారాలూ ఉన్నాయి. కానీ రెసిడెంట్ టీచరు ఆ వాదన ఎత్తుకోవాలంటే అప్పీళ్ల దాకా వెళ్లే ఓపిక ఉండాలి. ఇక క్రెడిట్ సంగతి, యూఏఈలో కట్టిన పన్ను సున్నా కాబట్టి వచ్చే క్రెడిట్ కూడా సున్నా.

2020లో వచ్చిన ‘డీమ్డ్ రెసిడెంట్’ నిబంధన చాలామందిని భయపెట్టింది. ఏ దేశంలోనూ పన్ను కట్టాల్సిన అవసరం లేని భారత పౌరుణ్ని రెసిడెంట్‌గా చూస్తామన్నది దాని సారం. అయితే విదేశీ ఆదాయం కాకుండా మిగతా ఆదాయం 15 లక్షలు దాటితేనే అది వర్తిస్తుంది. వర్తించినా దక్కేది ఆర్‌ఎన్‌ఓఆర్ హోదాయే కాబట్టి గల్ఫ్ జీతం, గ్రాట్యుటీ దాని వల్ల పన్నులోకి రావు.

రిటర్న్‌లో ఎక్కడ తప్పులు జరుగుతున్నాయి

విదేశీ బడి ఇండియాలో టీడీఎస్ (జీతంలోంచి ముందే పట్టుకునే పన్ను) కోయదు. ఫారం 16 ఉండదు. అందువల్ల ఏడాది చివర ఒక్కసారిగా పన్ను బయటపడుతుంది. కట్టాల్సింది 10,000 దాటితే అడ్వాన్స్ ట్యాక్స్ వాయిదాలు వర్తిస్తాయి, తప్పితే వడ్డీ పడుతుంది. కొత్తగా చేరిన బడికి ఏప్రిల్–జులై ఆదాయం వివరాలు ముందే ఇస్తే, వాళ్లు ఆ మేరకు జీతంలోంచే కోసుకుంటారు.

సులువుగా ఉంటుందని ఐటీఆర్-1 నింపడం తరచూ జరిగే పొరపాటు. విదేశీ ఆదాయం లేదా విదేశీ ఖాతా ఉన్న రెసిడెంట్‌కు, అలాగే ఆర్‌ఎన్‌ఓఆర్‌కు, నాన్ రెసిడెంట్‌కు అది కుదరదు. జీతం, గ్రాట్యుటీ మాత్రమే ఉంటే ఐటీఆర్-2. పూర్తి రెసిడెంట్ అయితే డిసెంబరు 31 నాటికి ముగిసిన క్యాలెండర్ ఏడాదిలో ఉన్న విదేశీ బ్యాంకు ఖాతాలను రిటర్న్‌లోని షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల పట్టిక)లో చూపాలి. గ్రాట్యుటీ వచ్చేదాకా తెరిచి ఉంచి సెప్టెంబరులో మూసేసిన దుబాయ్ ఖాతా కూడా ఇందులోకి వస్తుంది. చూపకపోతే నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానాకు అవకాశం ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి, స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు కలిపి 20 లక్షలు మించకపోతే ఆ జరిమానా వేయరు. చూపాల్సిన బాధ్యత మాత్రం పోలేదు. ఆర్‌ఎన్‌ఓఆర్‌కు, నాన్ రెసిడెంట్‌కు ఆ షెడ్యూల్ అవసరమే లేదు.

ఏ హోదా కోరినా, అడిగినప్పుడు చూపించాల్సిన కాగితాలు ఇవి: పద్దులు విడివిడిగా ఉన్న సెటిల్‌మెంట్ పత్రం, సర్వీసు మొదలైన, ముగిసిన తేదీలున్న లేఖ, బేసిక్ ఎంతో తెలిపే కాంట్రాక్టు, ఆఖరి 10 నెలల జీతం చీటీలు, డబ్బు మొదట పడిన ఖాతా స్టేట్‌మెంట్, ఏడేళ్ల ముద్రలున్న పాస్‌పోర్టులు. పాత పాస్‌పోర్టు గడువు తీరిందని పారేసినవాళ్లకు 729 రోజుల లెక్క నిరూపించడం చాలా కష్టమవుతుంది. వీసా రద్దయ్యాక బడి పోర్టల్‌లోకి లాగిన్ పనిచేయదు కాబట్టి జీతం చీటీలు విమానం ఎక్కకముందే దించుకుని ఉండాలి.